ఇసుకలో బండి దిగబడితే? ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా పజెరో పబేడాన్ వీధులు, యాంగోన్ ట్రాఫిక్ తప్ప ఏమీ ఎరగదు. బగాన్ వైపు ఎండిన వాగుల్లో, తాటితోపుల మధ్య ఇసుక బాటల్లో నడపాలని కోరిక. ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే చాలదా?
- ఓ తెలుగు పాఠకుడు, పబేడాన్

జవాబు: చాలదు. ఇంజన్ కంటే ముందు టైర్ల సంగతి చూడాలి. తారురోడ్డు మీద 30-35 పాయింట్లుండే గాలిని 18-20కి దించితే టైరు పొడవుగా పరుచుకుని, బరువు ఎక్కువ మేర పంచుకుంటుంది. మరీ 15 లోపుకి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. మళ్లీ తారురోడ్డెక్కే ముందు గాలి నింపాలి కాబట్టి చిన్న పంపు బండిలో ఉండాల్సిందే.

లో గేర్లో, ఒకే తీరు వేగంతో సాగాలి. ఆపాలంటే బ్రేకు గట్టిగా తొక్కకూడదు, బండిని దానంతటదే ఆగనివ్వాలి. లేదంటే చక్రాల ముందు ఇసుక కుప్ప పడి మళ్లీ కదలనివ్వదు. చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయా? వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి. ఇంకాస్త తొక్కి చూద్దామనుకున్నవాళ్లే బండిని ఇరుసు దాకా పాతేస్తారు! పారతో చక్రాల చుట్టూ ఇసుక తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రావడం మేలు.

అడవి బాటలో మోళ్లతో మరో చిక్కు. గాలి తగ్గిన టైరు పక్కగోడ ఇట్టే చీలుతుంది. బర్మా 1970లో రోడ్డుకు కుడివైపు నడపడానికి మారినా, స్టీరింగ్ కుడివైపే ఉన్న జపాన్ పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో ఎడమవైపు మోడు డ్రైవర్ కంటపడదు, పక్కసీటు మనిషే చెప్పాలి. సైలెన్సర్‌కు చిక్కుకున్న ఎండుగడ్డి అంటుకోకుండా మధ్యమధ్య దిగి చూసుకోవాలి.

ప్రశ్న: టాక్సీగా నడిచే ప్రోబాక్స్‌తో ఇదంతా చేయొచ్చా?

జవాబు: వద్దు. బండి అడుగు నేలకు దగ్గరగా ఉంటుంది. మెత్తటి ఇసుకలో కడుపు ఆనితే చక్రాలకు పట్టు దొరకదు.

ప్రశ్న: బర్మా అడవుల్లో కార్ల యాత్రలు జరిగాయా?

జవాబు: జరిగాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు 1955 సెప్టెంబరులో లండన్ నుంచి రెండు ల్యాండ్ రోవర్లలో బయల్దేరారు. అస్సాం నుంచి యుద్ధకాలపు లీడో రోడ్డు మీదుగా బర్మాలోకి దిగి, 1956 మార్చిలో సింగపూర్ చేరారు.

ఇప్పటి పరిస్థితి వేరు. 2023లో మందుపాతరల వల్ల చనిపోయినవారు, గాయపడినవారు ప్రపంచంలో మయన్మార్‌లోనే ఎక్కువ. దేశంలో అంతర్యుద్ధం సాగుతున్నంతకాలం తెలియని అడవి బాట జోలికి పోకపోవడమే మంచిది. తాజా ఎద్దుబండి జాడ కనబడినా సరే, ఊరివాళ్లను అడగకుండా చక్రం దింపకూడదు.