తపతీ వరదలు – ఇంటింటి సంసిద్ధత

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న భేస్తాన్ వాసులు తపతీ నది స్వభావాన్ని తెలుసుకొనుట అవసరం. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయి ఆనకట్ట వరదల ఉద్ధృతిని తగ్గించినదే కాని ముప్పును తొలగించలేదు. 2006 ఆగస్టులో జలాశయం నుండి విడిచిన నీరు సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. సముద్రపు పోటు వేళ నది నీరు త్వరగా దిగదు. ‘ఖాడీ’లనే వాగులు సైతం పొంగుతాయి.

విడిచిన నీరు నగరాన్ని చేరుటకు కొన్ని గంటలు పడుతుంది. ఆ వ్యవధిలోనే రేషను కార్డు, మందులు, తాగునీరు, టార్చిలైటు మూటగట్టి, విద్యుత్తును నిలిపివేసి మేడపైకి చేరాలి.

సూరత్‌లో మరమగ్గాలపై జీవించే తెలుగు కుటుంబాలు అనేకం. గుజరాతీలో వెలువడే హెచ్చరికను, ఆ భాష తెలిసినవారు పొరుగువారికి వారి భాషలో వెంటనే తెలియజేయాలి. అర్థం కాని హెచ్చరిక ఎవరినీ కాపాడలేదు.