ఒక్క పావురం చాలు

చేతకానప్పుడు మితంగా ఉండటం ఎవరికైనా వస్తుంది. చేతిలో బలం ఉండి, అడ్డుచెప్పేవాడు లేనప్పుడు ఎక్కడ ఆగుతామన్నదే అసలు పరీక్ష. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1823లో రాసిన ‘ది పయొనీర్స్’ నవలలో ఈ పరీక్ష ఒక ఊరంతటికీ ఒకేసారి ఎదురవుతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో అడవి కొట్టి కొత్తగా వేసుకున్న ఊరది. వసంతం రాగానే వలస పావురాలు ఆకాశాన్ని కమ్మేస్తాయి. జనం తుపాకులతో, విల్లంబులతో, చివరికి గడకర్రలతో ఎగబడతారు. అదీ చాలక చిన్న ఫిరంగి ఒకటి లాక్కొచ్చి, దట్టించి, గుంపు మీద పేలుస్తారు. నేలంతా పిట్టలే, ఏరుకునే దిక్కు లేదు. నాటీ బంపో అనే ముసలి వేటగాడు వచ్చి ఈ దండగమారి వేటను నాలుగు మాటలంటాడు. తనకు కావలసింది కూరకు ఒక్క పిట్ట. ఎగిరే పావురాన్ని ఒక్క తూటాతో కొట్టి తన దారిన పోతాడు.

నాటీది కథే, ఆ పావురాలకు పట్టిన గతి మాత్రం నిజం. కోట్లలో ఉన్న ఆ జాతిలో ఆఖరిది, మార్తా అనే ఆడ పావురం, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది.

ఎక్కడ ఆగాలో నాటీకి ఎవరు నేర్పారు? చదువురాని అతనికి అడవే బడి అనేస్తే సరిపోయేది. కానీ ‘ది డీర్‌స్లేయర్’ (1841) చదివాక అంత తేలిగ్గా అనలేం. అందులో కుర్రవాడైన నాటీ పక్కనే హ్యారీ మార్చ్ ఉంటాడు. ఆజానుబాహువు, అందగాడు, అదే అడవిలో తిరిగినవాడు. శత్రువు నెత్తిచర్మం తెస్తే ఇంత సొమ్మని ప్రభుత్వం ప్రకటించడంతో, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న హ్యూరన్ ఆదివాసుల శిబిరం మీద పడటానికి తయారవుతాడు. నాటీ ససేమిరా అంటాడు. ప్రభుత్వం ఒప్పుకున్నంత మాత్రాన అధర్మం ధర్మమైపోతుందా అన్నది అతని వాదన. కథ జరిగే సరస్సు దగ్గరా ఇంతే తేడా. దానికి తెల్లవాళ్లు ఇంకా పేరు పెట్టలేదని విని నాటీ సంబరపడతాడు. పేరు వెనకాలే గొడ్డలి వస్తుందని అతనికి తెలుసు. హ్యారీకి అలాంటి పట్టింపులేవీ లేవు.



ఒకే అడవి ఇద్దరినీ ఒకేలా మలచలేదు. కాబట్టి వారాంతాల్లో అడవికెళ్లి ఫొటోలు దిగి వస్తే మనసు మారుతుందన్న సలహా మీద నాకు పెద్ద గురి లేదు. మన బలం ఏదో, దాన్ని ఎక్కడ ఆపాలో చూసుకోవడం మేలు. ఇంట్లో పెద్దరికం, ఆఫీసులో పదవి, ఫోన్‌లో నోటికొచ్చింది రాసేసే వీలు — ఇవన్నీ బలాలే. తప్పు చేసిన కిందిస్థాయి ఉద్యోగిని పక్కకు పిలిచి ఒక్క మాటతో సరిదిద్దొచ్చు. నలుగురిలో నిలబెట్టి అరగంట కడిగేయనూ వచ్చు. రెండోది ఫిరంగి పేల్చడమే.

నాటీ కూడా ఈ పరీక్షలో ఓసారి తప్పాడు. ‘ది డీర్‌స్లేయర్’లోనే కిల్‌డీర్ అనే మేలైన తుపాకీ అతని చేతికొస్తుంది. మిత్రుడు చింగాచ్‌గుక్‌తో గురి పందెం కాస్తూ, ఎక్కడో పైన తిరుగుతున్న గద్దను కాలుస్తాడు. తినడానికి కాదు, కొట్టగలనని చూపించుకోవడానికి. కిందపడిన పక్షి ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. దాన్ని చూశాక గెలిచిన సంతోషం మిగలదు. బలం చేతికి రాగానే తనలో ఏం లేచిందో గ్రహించి సిగ్గుపడతాడు.

ఆ పూట అతను స్వేచ్ఛాజీవి కూడా కాదు. మధ్యాహ్నానికి తిరిగొస్తానని హ్యూరన్లకు మాటిచ్చి బయటికొచ్చిన బందీ. వెళితే చిత్రహింసలు తప్పవు. పారిపోతే పట్టుకోవడం కష్టం. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు నాటీ వాళ్ల శిబిరంలో నిలబడి ఉంటాడు.