మల్లన్న అడవి దారి

శ్రీశైలానికి ఇప్పుడు బస్సులున్నాయి. అయినా శివరాత్రికి, ఉగాదికి వేలమంది నడిచే వెళ్తారు. వాళ్లలో మనలాంటి ఆడవాళ్లూ ఉంటారు.

నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం ఉంది. అక్కడ అడవి దారి మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను దాటి కైలాసద్వారం చేరుతుంది. ఆ పైన శ్రీశైలం. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. అంతా నల్లమల అడవే.

దారి చాలా పాతది. ప్రోలయ వేమారెడ్డి అనే రాజు శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు. ఆ మాటకు 600 ఏళ్లు దాటింది.

ఈ దారి ఎవరిది?

ఉగాదికి కన్నడ దేశం నుంచి భక్తులు నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అంటారు. పసుపు, కుంకుమ, చీర తెస్తారు. అడవిలో ఉండే చెంచులేమో మల్లన్న తమ అల్లుడు అంటారు. చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అంటే ఇది చుట్టాల దారి.

యాత్రికులు పండక్కి వచ్చి పోతారు. చెంచులు ఏడాది పొడుగునా అక్కడే ఉంటారు. తేనె తీసినా పట్టులో కొంత ఈగలకు వదిలేస్తారు. ఏ కుంటలో నీళ్లుంటాయో, ఎలుగుబంటి ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలుసు. ఈ అడవి 1983 నుంచి పులుల రక్షణ అడవి. అటవీశాఖ కూడా చెంచులను కాపలా పనిలో పెట్టుకుంది.

దారికి వచ్చిన కష్టం

పండుగ పోయాక చూడండి. దారి పక్కన నీళ్ల సీసాలు, కవర్లు, ప్లాస్టిక్ పళ్లేలు. ఉప్పు వాసనకు జింకలు కవర్లు తింటాయి. అవి కడుపులో అడ్డం పడి చస్తాయి. అది ఆకు రాలే కాలం. ఆర్పని పొయ్యి, పారేసిన బీడీ చాలు, అడవి అంటుకుంటుంది. కుంటలో సబ్బు కలిస్తే జంతువులూ తాగలేవు, గూడెం వాళ్లూ తాగలేరు. బిందెడు నీళ్ల విలువ మనకు వేరే చెప్పాలా?

ఏం చెయ్యాలి?

1. గుడ్డ సంచి, స్టీలు చెంబు తీసుకెళ్లాలి. తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి.
2. పొయ్యి వెలిగిస్తే నీళ్లు చల్లి, మట్టి కప్పి కదలాలి.
3. కుంటలో స్నానం చెయ్యకూడదు, బట్టలు ఉతకకూడదు.
4. పగలే, గుంపుగా నడవాలి. దారి వదలకూడదు.
5. చెంచుల మాట వినాలి. వాళ్లతో పని చేయించుకుంటే తగిన కూలి ఇవ్వాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దారి గురించి నిర్ణయాలు చేసేటప్పుడు చెంచులను అడగాలి. ఇది దయ కాదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని, జంతువులను, నీటిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ చట్టం కింద జరిగే సభకు వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. చెంచు అక్కచెల్లెళ్లు నోరు విప్పితేనే ఆ చట్టం పనిచేస్తుంది.

లెక్క వేద్దాం

ఒక గుంపులో 25 మంది ఉన్నారు. ఒక్కొక్కరు 4 సీసాలు పారేస్తే మొత్తం ఎన్ని? అలాంటి గుంపులు 10 వస్తే ఎన్ని?

మాట్లాడుకుందాం

మీ ఊరి నుంచి జాతరకు పోయే దారి ఏది? ఆ దారి పక్కన ఎవరుంటారు? జాతర అయ్యాక ఆ చెత్త ఎవరు ఎత్తుతున్నారు?