మోటారు సైకిలుపై ఒంటరి దూరప్రయాణము: సన్నాహము



చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో ఉద్యోగము చేయుచుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరిరి. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశి చేరి, కలకత్తానుండి సముద్రతీరపు త్రోవన గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, నెల్లూరు దాటి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆయన వెంట బోయీలు, వంటవారు, బంధుమిత్రులు, గుడారములు ఉండినవి. నేటి యువకుడు అదే తీరమార్గమున మోటారు సైకిలుపై ఒంటరిగా పోదలచినచో, ఆ పరివారము చేసిన పనులన్నియు తానొక్కడే చేసికొనవలెను. బోయీయు తానే, కావలివాడును తానే, లెక్కలు వ్రాయువాడును తానే. కనుక ఒంటరి ప్రయాణమునకు సన్నాహము తక్కువ కాదు, ఎక్కువ.

ఈ పాఠమునకు కారణము కలదు. మన హోసూరు కర్మాగారముల ఊరు. ఇచ్చట పని దొరకుటయు, పోవుటయు క్రొత్త సంగతులు కావు. మన పూర్వవిద్యార్థి యొకడు, ముప్పదియేండ్లవాడు, తాను పనిచేయుచోట మనుష్యులను తగ్గించినప్పుడు ఉద్యోగము కోల్పోయెను. కొన్ని దినములైన పిమ్మట నాకడకు వచ్చి, “అయ్యవారూ, ఇన్నేండ్లలో నాకు పదిదినములు సెలవు దొరకలేదు. బండిమీద ఒంటరిగా బ్రహ్మపురము వరకు పోయి రావలెనని యున్నది. ఏమేమి సిద్ధము చేసికొనవలెను?” అని యడిగెను. టైరులను గూర్చియు, సంచులను గూర్చియు అతడు ఎదురుచూచెను. నేను మొదట ఇంటిని గూర్చి యడిగితిని. అతనికి చెప్పినదానినే ఇచ్చట క్రమముగా వ్రాయుచున్నాను.

1. ఇంటి సన్నాహము

ఉద్యోగము పోయిన వారిలో కొందరు ఆ సంగతి ఇంట చెప్పరు. ప్రతిదినము ఉదయమున అన్నపుగిన్నె పట్టుకొని బయలుదేరి, ఏ ఉద్యానవనములోనో కూర్చుండి, సాయంకాలము తిరిగివత్తురు. ఇట్టి దాపరికముతో దూరప్రయాణము చేయుట మిక్కిలి అపాయకరము. ఇంట చెప్పవలసిన మాట మనస్సులో తిరుగుచుండగా కన్ను త్రోవను చూచినను చూడనట్లే. కావున మొదటి సన్నాహము తల్లిదండ్రులకు, భార్యకు నిజము చెప్పుట. వారు కోపించినను, ఏడ్చినను, ఆ దినము గడచిన పిమ్మటనే ప్రయాణపు మాట ఎత్తవలెను.

రెండవది, పోయిన వెంటనే బయలుదేరరాదు. పనిచేసిన చోటినుండి రావలసిన జీతపు బాకీ, అనుభవపత్రము, విడుదలపత్రము చేతికి రానిండు. ఐదేండ్లు నిండిన శాశ్వతోద్యోగి గ్రాట్యుటీని గూర్చి వ్రాతమూలకముగా అడుగవలెను. క్రొత్త ఉద్యోగమునకు కొన్ని దరఖాస్తులు పంపి పోయినచో, ప్రయాణకాలము వ్యర్థకాలము కాదు. జవాబు వచ్చువరకు ఉన్న కాలమగును.

2. ధనపు లెక్క

చేతనున్న సొమ్మును నాలుగు భాగములుగా విభజింపవలెను. ఆరు నెలల ఇంటి ఖర్చు మొదటిది. అప్పుల వాయిదాలు రెండవది. ఉద్యోగాన్వేషణకు కావలసినది మూడవది. ఈ మూడును ప్రక్కన పెట్టిన పిమ్మట మిగిలినదే ప్రయాణపు సొమ్ము. ఏమియు మిగులనిచో ప్రయాణమును వాయిదా వేయుట పిరికితనము కాదు. వృద్ధాప్యమునకై కూడిన భవిష్యనిధిని పెట్రోలు తొట్టిలో పోయరాదు.

ఒక ఉదాహరణము చూడుడు. హోసూరునుండి బ్రహ్మపురమునకు వేలూరు, తిరుపతి, నెల్లూరు మీదుగా సుమారు 1,300 కిలోమీటర్లు. రాకపోకలకు 2,600, ఊళ్లలో తిరుగుటకు 200, మొత్తము 2,800. బండి లీటరుకు 40 కిలోమీటర్లు పోవునేని 70 లీటర్లు కావలెను. లీటరు 110 రూపాయల చొప్పున 7,700 రూపాయలు. పోవుటకు ఆరు దినములు, అచ్చట మూడు, వచ్చుటకు ఆరు, వెరసి పదునైదు దినములు, పదునాలుగు రాత్రులు. బసకు రాత్రి యొక్కింటికి 800 చొప్పున 11,200. భోజనమునకు దినమునకు 300 చొప్పున 4,500. మరమ్మతునకు 5,000. మొత్తము 28,400. దీనికి నాలుగవవంతు అనుకోని ఖర్చుక్రింద చేర్చిన 35,500 అగును. జాతీయ రహదారులమీద ద్విచక్రవాహనములకు సుంకము లేదు గనుక ఆ ఖర్చు వ్రాయలేదు. ఈ నాలుగవవంతు ముట్టుకొనకుండ తిరిగివచ్చువాడు మంచి ప్రయాణికుడు.

3. కాలమును, మార్గమును

తీరప్రాంతమున ఋతువును ఎరిగి బయలుదేరవలెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను బ్రహ్మపురమునకు సమీపముననున్న గోపాలపురమువద్ద తీరము దాటెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును గాసిపెట్టెను. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమును పాడుచేసెను. మూడును అక్టోబరు మాసమందే. మే మాసమున వడగాలి. జనవరి, ఫిబ్రవరి మాసములు ఈ త్రోవకు అనుకూలములు. అయితే తెల్లవారుజామున మంచు కమ్మినచో సూర్యుడు పైకి వచ్చువరకు కదలరాదు.

మజిలీలు ముందుగనే నిర్ణయింపవలెను. వేలూరు, నెల్లూరు, విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, బ్రహ్మపురము అని ఆరు మజిలీలు చేసినచో ఏ దినమునను 300 కిలోమీటర్లు మించదు. మొదటి దినము చిన్నది కావలెను. ఏలయన, కట్టిన మూట వదులగునో, కూర్చుండు తీరున నడుము నొచ్చునో ఆ దినముననే తెలియును. సూర్యాస్తమయమునకు గంట ముందుగనే బస చేరవలెను. దీపములు లేక నిలిచిన లారీలు, త్రోవకు అడ్డముగా వచ్చు పశువులు రాత్రి కానరావు.

నిర్ణయము ఎంత గట్టిదైనను మార్పునకు చోటుండవలెను. టెడ్ సైమన్ అను ఆంగ్ల పత్రికారచయిత 1973 అక్టోబరులో లండనునుండి మోటారు సైకిలుపై ఒంటరిగా ప్రపంచము చుట్టుటకు బయలుదేరెను. ఆ మాసముననే ఈజిప్టునకు, ఇజ్రాయేలునకు యుద్ధము మొదలయ్యెను. అతని త్రోవ ఈజిప్టు మీదుగనే. అయినను నాలుగేండ్లలో భారతదేశమును సైతము చూచి యాత్ర ముగించెను. త్రోవ మూసినప్పుడు ఆగుటయు ప్రయాణములోని భాగమే.

4. వాహనపు సన్నాహము

బయలుదేరుటకు పదిదినములు ముందుగా బండిని మరమ్మతు చేయించవలెను. ముందు దినమున కాదు. క్రొత్తగా వేసిన భాగములో లోపమున్నచో ఊరిలోనే బయటపడవలెను. ఇంజను నూనె, బ్రేకులు, చైను, క్లచ్చి తీగ, బ్యాటరీ, దీపములు, అన్నియు చూడవలెను. టైరు గాళ్లలోని అరుగుదల గుర్తు వరకు రబ్బరు అరిగియున్నచో టైరు మార్చవలెను. గాలి ఒత్తిడిని టైరు చల్లగా నున్నప్పుడు, బండితో వచ్చిన పుస్తకమున చెప్పినంత ఉంచవలెను. చైనును దాదాపు 500 కిలోమీటర్లకొకమారు తుడిచి నూనె వేయవలెను. ఈ ప్రయాణమున అది రెండు దినములకొకమారు పని.

వెంట తీసికొనవలసినవి: పంక్చరు సామాను, చిన్న గాలిపంపు, ప్లగ్గు ఒకటి, క్లచ్చి తీగ ఒకటి, ఫ్యూజులు, రెంచీలు, చేతిదీపము, గట్టి తాడు. వీనిని కొనుట చాలదు. ఇంటి వాకిట కూర్చుండి పంక్చరు వేయుట, తీగ మార్చుట ఒకమారైన చేసి చూడవలెను. తరువాత మూటలన్నియు కట్టి ఒకదినము 100 కిలోమీటర్లు, మరియొకదినము 200 కిలోమీటర్లు పోయి రావలెను. బరువు మోయు బండి మలుపులలోను, బ్రేకు వేసినప్పుడును వేరుగా నడచును.

5. శరీరమును, వేగమును

శిరస్త్రాణము ఐ.ఎస్. 4151 ముద్ర గలదై, గడ్డముక్రింది పట్టీ బిగించినదై యుండవలెను. పట్టీ లేని శిరస్త్రాణము పడినప్పుడు తలకంటె ముందు దొర్లిపోవును. గంటకొకమారు పది నిమిషములు దిగి నడువవలెను. దాహము వేయకముందే నీరు త్రాగవలెను. ఆవులింతలు వచ్చినచో కాఫీ త్రాగి సాగుట కాదు, ఆగి నిద్రించుట మందు.

వేగమును గూర్చి గణితము చెప్పును, వినుడు. 240 కిలోమీటర్ల మజిలీని గంటకు 60 చొప్పున పోయిన నాలుగు గంటలు, 80 చొప్పున పోయిన మూడు గంటలు. లాభము ఒక గంట. ఇప్పుడు నష్టము చూడుడు. ఆపద కనబడి చేయి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టుననుకొనుడు. పొడిత్రోవమీద బ్రేకు ప్రతి సెకనుకు 5 మీటర్ల వేగము తగ్గించుననుకొనుడు. 60 వేగమున బండి నిలుచుటకు సుమారు 45 మీటర్లు కావలెను. 80 వేగమున 72 మీటర్లు. అనగా 45 మీటర్ల దూరమున ఎద్దుబండి అడ్డము వచ్చినచో మొదటివాడు దానిముందు నిలుచును, రెండవవాడు నిలువలేడు. చేతిలో ఉద్యోగము లేనివానికి ఒక గంట తొందర ఏల?

6. కాగితములు

లైసెన్సు, వాహనపు నమోదుపత్రము, బీమా, కాలుష్య పరీక్షాపత్రము, ఈ నాలుగును గడువులో నుండవలెను. డిజిలాకరులో ఉంచినను, నకళ్లు నీరు చొరని సంచిలో వేరుగా ఉండుట మేలు. ఇచ్చట ఒక సంగతి పలువురు మరచెదరు. యజమాని ఇచ్చు వైద్యబీమా సాధారణముగా ఉద్యోగముతోడనే ముగియును. మూడవపక్షపు బీమా ఎదుటివాని నష్టమునకేగాని మన గాయమునకు కాదు. అందుచేత సొంత వైద్యబీమాయు, బండి నడపు యజమానికి ఉద్దేశించిన 15 లక్షల రూపాయల ప్రమాదబీమాయు ఉన్నవో లేవో చూచుకొనిన పిమ్మటనే కదలవలెను.

చొక్కాజేబులో ఒక చీటీ ఉండవలెను. అందు పేరు, రక్తపు వర్గము, పడని మందులు, ఇంటి ఫోను సంఖ్య తెలుగుతోపాటు ఇంగ్లీషునను వ్రాయవలెను. ఒడిశా హద్దు దాటినచో మన లిపి చదువువారు తగ్గుదురు. ఆపదలో 112, జాతీయ రహదారిపై సహాయమునకు 1033 పిలువవలెను. ప్రతి సాయంకాలము బస చేరగనే ఇంటికి ఊరి పేరు తెలుపవలెను. ఏ గంటవరకు కబురు రానిచో ఇంటివారు విచారణ మొదలుపెట్టవలెనో అదియు ముందే నిశ్చయించుకొనవలెను.

7. తిరిగివచ్చు దినము

అన్నిటికంటె ముఖ్యమైన సన్నాహము ఇది. బయలుదేరు తేదీతోపాటు తిరిగివచ్చు తేదీని పంచాంగపుటద్దెలో వ్రాసి ఇంటి గోడకు తగిలించవలెను. తిరిగివచ్చిన మరునాడు చేయవలసిన పనిని దానిక్రింద వ్రాయవలెను: ఎవరిని చూడవలెను, ఏ దరఖాస్తు పంపవలెను, ఏ పని నేర్చుకొనవలెను. తిరుగుతేదీ లేనిది పారిపోవుట. తిరుగుతేదీ గలది యాత్ర. వీరాస్వామయ్యగారు పదునైదు మాసములకు పైగా తిరిగినను ఏ దినమున ఏ ఊర దిగెనో వ్రాసికొనుచు, చెన్నపట్టణమునకే తిరిగివచ్చిరి. ఉద్యోగము పోయినవానికి తనమీద తనకు నమ్మకము తగ్గును. ఒక కార్యమును లెక్కించి, సిద్ధపరచి, చెప్పిన దినమునకు ముగించి ఇంటి వాకిట దిగినప్పుడు ఆ నమ్మకములో కొంత తిరిగివచ్చును. ఈ ప్రయాణమున సంపాదింపదగిన ధనము అదియే.

ప్రశ్నలు

1. బండి లీటరుకు 35 కిలోమీటర్లు మాత్రమే పోవునేని పైలెక్కలో పెట్రోలు ఖర్చు ఎంత? మొత్తము ఎంత మారును?

2. తీరమార్గమునకు అక్టోబరు ఏల తగదు? మూడు నిదర్శనములు చూపుము.

3. వేగము 60 నుండి 80కి పెరిగినప్పుడు బండి నిలుచు దూరము ఏ మేరకు పెరిగినది? వేగము పెరిగిన పాళ్లకంటె ఎక్కువగా పెరుగుటకు కారణమేమి?

4. మీ ఇంట ఎవరికైన ఉద్యోగము పోయినచో మొదటి నెలలో చేయవలసిన పనులను పెద్దలతో ఆలోచించి, ఒక పుటలో వ్రాయుము.