మాత్ర సరే, మనిషి సంగతేంటి?

ప్ర: రోజూ చెరకు రసం తాగితే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?
– పాఠకురాలు, బోధన్

జ: రసంలో కొలెస్ట్రాల్ ఉండదు, చక్కెర ఉంటుంది. రోజూ తాగితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగొచ్చు. ఎప్పుడో ఒక గ్లాసు చాలు.

ప్ర: మా బాపుకు 58 ఏళ్లు. గల్ఫ్ నుంచి వచ్చేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. నిరుడు స్టెంట్ వేశారు. కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, నిద్ర పట్టడం లేదు. కొలెస్ట్రాల్ మాత్రలతో డిప్రెషన్ వస్తుందని వీడియోలో చూసి ఆపేశాం. బదులుగా ఏం వాడాలి?
– పాఠకుడు, మాక్లూర్

జ: సొంతంగా బదులేమీ వాడొద్దు. స్టెంట్ వేసిన డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేసి మాత్ర మళ్లీ మొదలుపెట్టండి. గుండె ఆయనది, ప్రయోగం మీదా?

ఆ వీడియోలోది పాత అనుమానం. కొలెస్ట్రాల్ తగ్గించే చికిత్సల మీద జరిగిన కొన్ని పరీక్షలను కలిపి 1990లో మల్డూన్ అనే పరిశోధకుడి బృందం లెక్కవేస్తే ఆత్మహత్యలు, ప్రమాద మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2001లో స్టాటిన్లనూ (ఇప్పుడు వాడే కొలెస్ట్రాల్ మాత్రలు) కలిపి ఆయన బృందమే మళ్లీ లెక్కవేస్తే ఆ తేడా నిలవలేదు. ఈ రెండో లెక్క వీడియోల వాళ్లు చెప్పరు, చెబితే చూసేదెవరు? మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. పైగా దిగులుతో తిండి మానేసినా రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది, అంటే తగ్గడం దిగులుకు కారణం కాక ఫలితం కావచ్చు.

మాత్ర మీద ఇంత ఆరా తీశారు, బాపును ఏమైందని అడిగారా? గుండెజబ్బు వచ్చినవాళ్లలో డిప్రెషన్ మామూలే. ఏళ్లతరబడి ఇంటికి డబ్బు పంపిన మనిషి ఇప్పుడు ఖాళీగా కూర్చున్నాడు, అదీ చూడండి. థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మనసూ కుంగుతుంది. ఇంకో మాట, స్టెంట్ తర్వాత కల్లు మానేశాడా? అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా మానితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు మన నిజామాబాద్ జిల్లా జనం ఆసుపత్రులకు ఎలా పరుగెత్తారో మరిచిపోయారా?

పక్కన కూర్చుని, బతకాలని లేదా బాపూ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రయినా సరే, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.

ప్ర: అక్కకు మానసిక జబ్బుకు ఓలాంజపిన్ ఇస్తున్నారు. బాగా లావైంది. ఆపేయమంటారా?
– పాఠకురాలు, నిజామాబాద్

జ: మళ్లీ ఆపడమేనా! ఆ మందుతో బరువు, కొవ్వులు పెరిగే మాట నిజమే. షుగర్, లిపిడ్ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులతో మందు రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. వేరే మందులున్నాయి. మార్చాల్సింది ఆయన, మీరు కాదు.