గురి నేర్పిన తండ్రులు

సాయంకాలమున మన విశాఖపట్టణపు సముద్రతీరమున నడచువారు బుడగల పలకను చూడకపోరు. రంగురంగుల బుడగలను వరుసలుగా గట్టి, గాలితుపాకిని చేతబట్టుకొని యొకడు నిలుచుండును. కొద్ది డబ్బు లిచ్చినచో కొన్ని గుండ్లు కొట్టనిచ్చును. నా యెనిమిదవ యేట మా నాయనగారు నన్నచ్చటికి గొనిపోయి, పది గుండ్లకు డబ్బిచ్చి, నా వెనుక మోకరించి తుపాకి మడమను నా భుజమున కానించిరి. నేను తొందరపడి మొదటి ఆరింటిని గాలిలోనికే పంపితిని. ఏడవసారి ఆయన నా చేతిపై చేయివైచి, "గురి కుదరలేదు నాయనా, దించు" అనిరి. దించితిని. మరల నెత్తితిని, మరల దించుమనిరి. వెనుకనున్న పిల్లలు నవ్వుచుండ నాకు సిగ్గుచే కన్నీరు వచ్చినది. నాలుగు గుండ్లు మిగిలియుండగనే తుపాకి నిచ్చివేసి యింటికి వచ్చితిమి.

పోటీ తుపాకివిద్యలో మొదటి పాఠ మదియేయని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

విద్యార్థులారా, ఆ విద్య యెంత సూక్ష్మమైనదో కొలతలవలన గ్రహింపుడు. గాలిరైఫిలు పోటీలో గురి పది మీటర్ల దూరమున నుండును. గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. పది మార్కులకు గుర్తుగా నడుమనుండు చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. గుండు కంటె గురియే చిన్నదన్నమాట! రైఫిలు అయిదున్నర కిలోగ్రాములకు మించరాదు. దానిని నిలుచుండి మోయుచు డెబ్బదియైదు నిమిషములలో అరువది గుండ్లు కొట్టవలెను. 2018 నుండి స్త్రీలకును పురుషులకును ఈ సంఖ్య యొక్కటియే.

ఇంత బరువును కండలతో మోయజూచినవాడు త్వరలోనే వణకును. కావున ఎడమ మోచేతిని తుంటియెముక కానించి, బరువును ఎముకలమీదుగా పాదములకు దింపవలెను. కన్ను దూరపు గురిపై గాక, గొట్టపు కొననున్న వలయముపై నిలువవలెను. గురి కొంచెము మసకగా గన్పడినను చింతలేదు. ఊపిరి కొంత విడిచి ఆపి, మీటను గుంజక, మెల్లమెల్లగా నొత్తవలెను. గుండు వెడలిన పిదపకూడ క్షణకాలము కదలక నిలువవలెను. ఆపిన ఊపిరి కొన్ని క్షణములకే కన్నును మసకపరచును, గుండెచప్పుడు గొట్టమున తెలియును. అప్పటికిని గురి కుదరనిచో కొట్టరాదు. దించి, ఊపిరి పీల్చి, తిరిగి యెత్తవలెను. చేతికందిన గుండును కొట్టకుండుట పిల్లలకు మిక్కిలి కష్టము. దానిని నేర్పుటకు ప్రక్కన నమ్మదగినవా రొకరుండవలెను. గొట్టము నెన్నడును మనుష్యునివైపు త్రిప్పరాదనియు, తుపాకిని ఖాళీ చేయక చేత దింపరాదనియు నేర్పవలసినవారును వారే.

మన తెలుగు నేలను పెరిగిన గగన్ నారంగ్ చరిత్ర యిందుకు తగిన యుదాహరణము. ఈయన 1983లో చెన్నపట్టణమున జన్మించి హైదరాబాదులో పెరిగెను. 1997లో తండ్రి యొక గాలిపిస్తోలు నీయగా, బేగంపేటలోని యింటి పెరటిలోనే అభ్యాసము మొదలయ్యెను. పది మీటర్ల పోటీకి పెరడు చాలుట ఈ విద్యకుగల యొక సదుపాయము. మంచి రైఫిలు కొనుటకు మాత్రము పెరడు చాలలేదు. తండ్రి తన స్థలము నమ్ముకొనెను. 2003లో హైదరాబాదున జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో కుమారుడు స్వర్ణము గెలిచెను.

2008లో బీజింగు ఒలింపిక్సునందు ఆయన ఆరువందలకు 595 సాధించెను. ఎనిమిదవ స్థానమున కంతే మార్కులు వచ్చినవారితో సమానమై, తుదివరుస గుండ్ల లెక్కలో వెనుకబడి, తుదిపోటీకి దూరమయ్యెను. ఒక్క మార్కు! ఇంకొకసారి దించియున్నచో నది దక్కెడిదేమో యని నావంటివాడు తలచుట సులభము. నాలుగేండ్లు ఆ తలపుతో నుండుట సులభము కాదు. 2012లో లండనులో 598 సాధించి, తుదిపోటీలో 103.1 చేర్చి, మొత్తము 701.1తో కాంస్యపతకము గైకొనెను.

హైదరాబాదులోనే 2005లో పుట్టిన ఈషా సింగ్ విద్య పిస్తోలు. ఆమె తండ్రి మోటారుకార్ల ర్యాలీలలో పాల్గొన్నవాడు. ఆమె పదుమూడవ యేట, 2018లో, జాతీయ విజేతయై, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గెలిచెను.

పరదేశములలో ఇంకను వింతయైన కథ కలదు. స్వీడనుదేశీయుడైన ఆస్కార్ స్వాన్ 1908లో తన అరువదవ యేట, కదలెడు జింకబొమ్మను కొట్టు ఒలింపిక్ పోటీలో స్వర్ణము గెలిచెను. జట్టుపోటీలో కుమారుడు ఆల్ఫ్రెడ్‌తో గూడి మరియొకటి గెలిచెను. 1912లో ఆ వ్యక్తిగత స్వర్ణమును కుమారుడే గైకొనగా తండ్రి అయిదవవాడయ్యెను. నేర్పినవానికి అంతకుమించిన యోటమి దొరకునా? 1920లో డెబ్బదిరెండేండ్ల ముదుసలి జట్టుతో గూడి రజతము గూడ సాధించెను. జార్జియా దేశపు నీనో సలుక్వాద్జేకు తండ్రియే గురువు. 1988లో స్వర్ణము గెలిచిన ఆమె, 2016లో తన కుమారునితో గూడ ఒలింపిక్సున పాల్గొనెను.

ఐనను ఒక మాట చెప్పవలసియున్నది. వెనుక నిలిచిన తండ్రి యాశ రైఫిలుకంటె బరువైనచో ఏ తుంటియెముకయు దానిని మోయలేదు. అట్టివారు తమ పిల్లలను వేరొక గురువున కప్పగించుటయే మేలు.

ఇంట రైఫిలు లేని మనబోంట్లకు 1948లో నెలకొల్పబడిన నేషనల్ కాడెట్ కోరు కలదు. అందు చేరిన కాడెట్లకు పాయింటు ఇరువదిరెండు రైఫిలుతో గురి నేర్పుదురు. సముద్రతీరపు తుపాకి సంగతి వేరు. దాని గురికొన తరచుగా వంగియుండును, బుడగలు గాలికి ఊగుచుండును. అచ్చట తగిలినను తగలకున్నను మీ నేర్పునకు కొలత కాదు. ఈ సంగతి యానాడు మా నాయనగారికి తెలియునో లేదో నేనెన్నడు నడుగలేదు. మిగిలిన నాలుగు గుండ్లకు దుకాణదారుడు డబ్బు తిరిగి యీయలేదు, ఆయన యడుగనూలేదు.