ధాన్యపు కొట్టుకు ఎట్టి గోడ?

ఊరుమ్మడి ధాన్యపు కొట్టు కట్టదలచినపుడు పంచాయతీ సభ్యులు ముందుగా ఖర్చును గురించియే యోచింతురు. చెమ్మకును, ఎలుకకును ఏ గోడ నిలుచునో ముందు విచారింపవలెనని మా మనవి. నిలువయుంచు వడ్లలో తేమ నూటికి 12 పాళ్లు మించరాదు. ఎంత ఎండబెట్టిననేమి, గోడ చెమ్మగిల్లినచో విత్తనమునకు మొలక పోవును, తిండిగింజకు బూజు పట్టును.

మట్టిగోడ చౌక, లోపల చల్లన; కాని ఎలుక సులువుగా కన్నము వేయును. ఇక చెదలు సరేసరి. రేకు గోడను ఎలుక కొరుకజాలదు. అయితే రాత్రి రేకు చల్లబడినపుడు లోపలి గాలిలోని తేమ దానిపై నీటిబొట్లుగా పేరి బస్తాలను తడుపును.

నాపరాయి చేరువలో దొరకు కడప, కర్నూలు సీమలలో రాతిగోడయే మేలు. సందులను మాత్రము సిమెంటుతో పూడ్చవలెను. తక్కిన చోట్ల కాల్చిన ఇటుకయే మా సలహా. కాని ఇటుకలన్నియు ఒక్కటి కావు. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీట నానవైచి మరల తూచుడు. బరువు అయిదవ వంతుకు మించి పెరిగినచో ఆ ఇటుకను కొనరాదు. మేస్త్రీ మాటకన్న తక్కెడ మాట నమ్మదగినది.

నేలచెమ్మ పైకెక్కకుండ అరుగు మట్టమున గోడ వెడల్పునంతటను సిమెంటు కాంక్రీటు పట్టీ వేయింపవలెను. అరుగు మూడడుగుల ఎత్తుండవలెను. అంత ఎత్తునకు ఎలుక ఎగురుట కష్టము. మెట్లను అరుగునకు ఆనించి కట్టింపరాదు.